అప్లికేషన్ సర్వర్లలో భద్రత: అంగాలుగా విభజించే విధానం

ఒక విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ వ్యవస్థను ఉదాహరణగా తీసుకోవచ్చును. విద్యార్థి అందులో తన పరీక్షా ఫలితాన్ని చూచుకుంటాడు. అధ్యాపకుడు మార్కులు నమోదు చేస్తాడు. గ్రంథపాలకుడు పుస్తకాల జారీని పర్యవేక్షిస్తాడు. లెక్కల విభాగంలోని ఉద్యోగి రుసుముల వసూలును సరిచూస్తాడు. నలుగురూ ప్రవేశించే ద్వారం ఒక్కటే. నలుగురికీ తెరచుకొనే గదులు మాత్రం వేరు. విద్యార్థి మార్కులను చదువవచ్చును గాని దిద్దరాదు. అధ్యాపకుడు మార్కులను దిద్దవచ్చును గాని రుసుముల ఖాతాను తాకరాదు. ఈ భేదాన్ని ప్రతి క్షణమూ పాటించవలసిన బాధ్యత సాఫ్ట్‌వేర్‌పై ఉంటుంది.

ఆ బాధ్యతకు సంబంధించిన నిబంధనలు ఎక్కడ వ్రాసి ఉండాలి? ప్రతి ప్రోగ్రాములోనూ విడివిడిగానా, లేక అన్నిటికీ ఉమ్మడిగా ఒక చోటనా? ఒక చోటనైతే, అవి విడదీయరాని ముద్దగా ఉండాలా, లేక అవసరాన్ని బట్టి మార్చుకొనగల అంగాలుగా ఉండాలా? పైకి ఇవి నిపుణులకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలుగా కనిపిస్తాయి. కాని వీటికి తప్పు సమాధానం చెప్పుకొన్నందువలన పాఠశాలల గ్రంథాలయాలు సైతం ప్రమాదానికి లోనైన సందర్భం ఉన్నది.

అప్లికేషన్ సర్వర్ పని

వినియోగదారుని ముందున్న బ్రౌజర్‌కు, సమాచారం నిలువ ఉన్న డేటాబేస్‌కు నడుమ నిలిచి పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను అప్లికేషన్ సర్వర్ అంటారు. ఫలితాల ప్రకటన, పుస్తకాల జారీ, రుసుముల వసూలు వంటి వేర్వేరు ప్రోగ్రాములు దీనిపై ఆధారపడి నడుస్తాయి. డేటాబేస్‌తో సంబంధం కల్పించడం, ఒకేసారి వచ్చే వందలాది అభ్యర్థనలను క్రమబద్ధం చేయడం, భద్రత చూడడం వంటి ఉమ్మడి పనులను సర్వర్ తన మీద వేసుకుంటుంది. జావా భాషలో ఇట్టి సర్వర్లకు ఉమ్మడి ప్రమాణాలు 1999 డిసెంబరులో జె2ఇఇ అనే పేరుతో వెలువడినవి. తరువాత వీటికి జావా ఇఇ అనీ, 2018 నుండి జకార్తా ఇఇ అనీ పేర్లు వచ్చినవి. వైల్డ్‌ఫ్లై, గ్లాస్‌ఫిష్, వెబ్‌లాజిక్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. టామ్‌క్యాట్ అనే సర్వర్ ఈ ప్రమాణాలలో కొంత భాగాన్ని అమలు జరుపుతుంది.

భద్రత అనే మాటలో నాలుగు పనులు ఇమిడి ఉన్నవి. వచ్చిన వ్యక్తి ఎవరో తేల్చుకొనడం మొదటిది. ఇది గుర్తింపు నిర్ధారణ. ఆ వ్యక్తి ఏ పని చేయవచ్చునో తేల్చడం రెండవది. ఇది అధికార నిర్ణయం. మార్గమధ్యంలో మరొకరు చదువకుండా సందేశాన్ని సంకేతరూపంలోనికి మార్చడం మూడవది. ఎవరు, ఎప్పుడు, ఏమి చేసినారో నమోదు చేసి ఉంచడం నాలుగవది. ఈ పనులను సర్వర్ ఏ విధంగా నిర్వహించవలెనో తెలిపే ఆదేశాల సమూహమే కాన్ఫిగరేషన్, అనగా భద్రతా అమరిక.

చెదరి ఉన్న నిబంధనల వలన వచ్చిన చిక్కు

నిబంధనలు అనేక చోట్ల చెదరి ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకొనడానికి జేబాస్ అనే సర్వర్ అనుభవం మంచి పాఠం. ఈ సర్వర్‌ను దూరం నుండి నిర్వహించడానికి వీలుగా అందులో కొన్ని పర్యవేక్షణ పుటలు ఉండేవి. వాటి ద్వారా సర్వర్‌లో కొత్త ప్రోగ్రామును సైతం ప్రవేశపెట్టవచ్చును. కావున ఆ పుటలకు పాస్‌వర్డ్ కాపలా ఏర్పరచినారు. ఆ కాపలాకు సంబంధించిన నిబంధన ప్రతి పుటకు చెందిన అమరిక పత్రంలో విడిగా వ్రాసి ఉండేది.

బ్రౌజర్ నుండి సర్వర్‌కు వచ్చే అభ్యర్థనలు పలు విధాలు. పుటను పంపుమని కోరేది గెట్. సమాచారాన్ని అందజేసేది పోస్ట్. పుట లేకుండా దాని శీర్షిక వివరాలను మాత్రమే కోరేది హెడ్. జేబాస్ అమరిక పత్రంలోని నిబంధన గెట్, పోస్ట్ అభ్యర్థనలను పేరుపేరునా పేర్కొని, వాటికి పాస్‌వర్డ్ అవసరమని తెలిపింది. పేర్కొనని హెడ్ అభ్యర్థన ఏ కాపలా లేకుండా లోపలికి వెళ్ళగలిగింది. సింహద్వారానికి, పెరటి తలుపునకు తాళాలు వేసి పక్క తలుపును మరచినట్లయింది. పేర్కొన్న వాటికి మాత్రమే కాపలా ఉంటుందనీ, పేర్లు అసలే వ్రాయకుంటే అన్నిటికీ కాపలా ఉంటుందనీ ప్రమాణం చెప్పిన సంగతి వ్రాసినవారి దృష్టికి రాలేదు.

2010 ఏప్రిల్‌లో ఈ లోపాన్ని సవరించినారు. గమనింపదగిన విషయమేమనగా, ఒక పర్యవేక్షణ పుటలో ఉన్న పొరపాటే అదే సర్వర్‌లోని మరొక పర్యవేక్షణ పుటలో కూడా ఉన్నది. నిబంధనకు నకలు తీసినప్పుడు అందులోని తప్పునకు కూడా నకలు తయారవుతుంది. అందువలన దిద్దుబాటు కూడా ఒక్కొక్క చోట విడివిడిగా జరుగవలసి వచ్చింది. సవరణను స్వీకరించని సర్వర్లు లోకంలో ఎన్నో మిగిలిపోయినవి. 2011 అక్టోబరులో ఒక వర్మ్ ప్రోగ్రాము ఈ లోపం గుండానే సర్వర్ నుండి సర్వర్‌కు వ్యాపించింది. 2016 ఏప్రిల్‌లో సిస్కో సంస్థ పరిశోధకులు పాత జేబాస్ సర్వర్లను పరిశీలించి, సుమారు 1,600 చిరునామాలలో 2,100కు పైగా రహస్య ప్రవేశ మార్గాలు ఏర్పడి ఉన్నట్లు ప్రకటించినారు. వాటిలో పాఠశాలల గ్రంథాలయాల నిర్వహణకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్లు కూడా ఉన్నవి. అట్టి సర్వర్ల గుండా చొరబడి, సమాచారాన్ని బంధించి, విడుదలకు సొమ్ము కోరే ముఠాలు ఆ కాలంలో సంచరిస్తున్నవి.

విభజనకు మూలసూత్రం

ఇట్టి చిక్కులకు పరిష్కారం సూచించే సిద్ధాంతం చాలా కాలం క్రిందటిదే. 1972లో డేవిడ్ పార్నాస్ అనే శాస్త్రవేత్త ప్రోగ్రాములను భాగాలుగా విభజించడానికి ఏ ప్రమాణం పాటించవలెనన్న విషయమై ఒక వ్యాసం ప్రచురించినారు. ఆయన తీసుకొన్న ఉదాహరణ గ్రంథాలయాలకు పరిచితమైనదే. శీర్షికలలోని ఒక్కొక్క పదాన్ని ముందుకు తెచ్చి అకారాదిగా పేర్చే పదసూచికను తయారుచేయడమే ఆ ఉదాహరణ. పని జరిగే క్రమాన్ని బట్టి, అనగా ముందు చదవడం, తరువాత త్రిప్పి వ్రాయడం, ఆపైన పేర్చడం అన్న వరుసలో ప్రోగ్రామును విభజించడం ఒక పద్ధతి. మున్ముందు మారగల నిర్ణయాలను గుర్తించి, ఒక్కొక్క నిర్ణయాన్ని ఒక్కొక్క మాడ్యూలులో మరుగుపరచడం రెండవ పద్ధతి. రెండవదే మేలైనదని పార్నాస్ నిరూపించినారు. ఒక నిర్ణయం మారినప్పుడు ఒక మాడ్యూలు మాత్రమే మారుతుంది, తక్కినవి చెక్కుచెదరవు.

భద్రత విషయంలో మారగల నిర్ణయాలు అనేకం. పాస్‌వర్డులు ఎక్కడ నిలువ ఉండాలన్నది ఒక నిర్ణయం. పాస్‌వర్డుతో సరిపెట్టవలెనా, సెల్‌ఫోనుకు వచ్చే అంకెను కూడా అడుగవలెనా అన్నది మరొకటి. ఏ హోదాకు ఏ అధికారం ఇవ్వవలెనన్నది వేరొకటి. ఇవన్నీ ఫలితాల ప్రోగ్రాములో కలిసిపోయి ఉంటే, పాస్‌వర్డుల నిలువ స్థానం మారినప్పుడల్లా ఫలితాల ప్రోగ్రామును కూడా తిరగవ్రాయవలసి వస్తుంది.

పామ్ నుండి జాస్ వరకు

ఈ సూత్రాన్ని గుర్తింపు నిర్ధారణకు అన్వయించిన ప్రసిద్ధ ప్రయత్నం 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జరిగింది. ఆ సంస్థకు చెందిన విపిన్ సమర్, రోలండ్ షెమర్స్ అనే ఇంజనీర్లు యునిక్స్ కంప్యూటర్ల కొరకు పామ్ అనే పద్ధతిని ప్రతిపాదించినారు. అంతవరకు లాగిన్, ఫైళ్ళ బదిలీ మొదలైన ప్రతి ప్రోగ్రాములోనూ పాస్‌వర్డును సరిచూచే భాగం విడిగా ఉండేది. పామ్ రాకతో ఆ పని ప్రత్యేక మాడ్యూళ్ళకు అప్పగింపబడింది. ఏ ప్రోగ్రాముకు ఏ మాడ్యూలు, ఏ వరుసలో పనిచేయవలెనో తెలిపే పత్రం వేరుగా ఉంటుంది. పత్రాన్ని మార్చితే చాలు, ప్రోగ్రామును తాకనక్కరలేదు.

ఈ భావమే జావా భాషలోనికి జాస్ అనే పేరుతో వచ్చింది. 2002లో వెలువడిన జావా 1.4 ప్రతిలో ఇది అంతర్భాగమైంది. ఇందులో ఒక్కొక్క లాగిన్ మాడ్యూలు ఒక్కొక్క విధమైన పరీక్ష చేస్తుంది. మాడ్యూళ్ళను వరుసగా పేర్చి, ప్రతి దానికీ ఒక గుర్తు తగిలిస్తారు. గుర్తులు నాలుగు. మొదటిది "అవశ్యం": ఈ పరీక్షలో నెగ్గి తీరవలెను, ఓడినా తక్కిన పరీక్షలు కొనసాగుతాయి. రెండవది "తక్షణావశ్యం": ఇందులో ఓడితే పరీక్ష అక్కడే ఆగిపోతుంది. మూడవది "చాలును": ఇందులో నెగ్గితే తరువాతి పరీక్షలు అక్కరలేదు. నాలుగవది "ఐచ్ఛికం": నెగ్గినా ఓడినా వరుస సాగుతుంది. ఓడిన తరువాత కూడా పరీక్షలు కొనసాగించడంలో ఒక ప్రయోజనం ఉన్నది. తాను ఏ మెట్టు వద్ద విఫలుడైనాడో చొరబాటుదారునికి తెలియదు.

పరీక్ష రెండు దశలలో ముగుస్తుంది. మొదటి దశలో మాడ్యూళ్ళన్నీ తమ తమ తీర్పులు చెబుతాయి. మొత్తం మీద ఫలితం అనుకూలమైతేనే రెండవ దశలో ఆ వ్యక్తికి గుర్తింపు ముద్ర పడుతుంది. లేకుంటే అంతవరకు జరిగినదంతా రద్దవుతుంది. సగం పరీక్షలో నెగ్గిన వ్యక్తి సగం అధికారంతో లోపల మిగిలిపోయే అవకాశం ఉండదు.

జేబాస్ సర్వర్ కూడా గుర్తింపు నిర్ధారణకు జాస్ మాడ్యూళ్ళనే వినియోగించింది. అయినప్పటికీ 2010 నాటి లోపం తలెత్తింది. కారణం స్పష్టమే. వచ్చినవారెవరో తేల్చే పని మాడ్యూళ్ళ చేతికి వచ్చింది గాని, ఎవరిని అడుగవలెనన్న నిబంధన మాత్రం ఎక్కడికక్కడ నకళ్ళుగా మిగిలిపోయింది. సగం విభజన సగం రక్షణే ఇస్తుంది.

వైల్డ్‌ఫ్లైలో ఎలిట్రాన్

జేబాస్ సర్వర్‌కు 2013లో వైల్డ్‌ఫ్లై అనే కొత్త పేరు పెట్టినారు. అందులో చాలా కాలం రెండు భద్రతా ఏర్పాట్లు పక్కపక్కన ఉండేవి. సర్వర్‌పై నడిచే ప్రోగ్రాములకు ఒకటి. సర్వర్‌ను నిర్వహించేవారికి మరొకటి. రెండింటి పరిభాష వేరు, అమరిక వేరు. 2017 అక్టోబరులో వెలువడిన వైల్డ్‌ఫ్లై 11లో ఈ రెండింటి స్థానంలో ఎలిట్రాన్ అనే ఏకీకృత వ్యవస్థ ప్రవేశపెట్టబడింది. పేడపురుగు వంటి కీటకాల మృదువైన రెక్కలను కప్పి కాపాడే గట్టి పై రెక్కను ఎలిట్రాన్ అంటారు. 2021 అక్టోబరు నాటి వైల్డ్‌ఫ్లై 25లో పాత ఏర్పాట్లను పూర్తిగా తొలగించినారు.

ఎలిట్రాన్‌లో ప్రతి పనికి పేరుగల అంగం ఒకటి ఉంటుంది. వినియోగదారుల వివరాలు లభించే స్థానానికి రెల్మ్ అని పేరు. అది డేటాబేస్ కావచ్చును, సంస్థ సిబ్బంది పట్టిక ఉన్న ఎల్‌డ్యాప్ డైరెక్టరీ కావచ్చును, సాధారణ ఫైలు కూడా కావచ్చును. వచ్చిన పేరును బట్టి ఏ రెల్మ్‌ను సంప్రదించవలెనో నిర్ణయించే అంగం మరొకటి. లభించిన వివరాలలో నుండి వ్యక్తి హోదాను గ్రహించే అంగం ఇంకొకటి. హోదాను బట్టి అనుమతులు ఇచ్చేది వేరొకటి. వీటన్నిటినీ ఒక చోట కూర్చే అంగానికి సెక్యూరిటీ డొమైన్ అని పేరు. సందేశాల గోప్యతకు కావలసిన తాళపు చెవులు, ధ్రువపత్రాలు విడి అంగాలలో ఉంటాయి. డేటాబేస్ పాస్‌వర్డు వంటి రహస్యాలు అమరిక పత్రంలో బాహాటంగా కనిపించకుండా సంకేతరూపంలో దాచే భాండాగారం కూడా ఉన్నది.

మొదట చెప్పుకొన్న విశ్వవిద్యాలయానికి దీనిని అన్వయించి చూడవచ్చును. విద్యార్థుల వివరాలు డేటాబేస్‌లోను, అధ్యాపకుల వివరాలు డైరెక్టరీలోను ఉన్నవనుకొందాము. రెండు రెల్మ్‌లను ఏర్పరచి, పేరు రూపాన్ని బట్టి తగిన దానిని ఎన్నుకొనే అంగాన్ని ముందు నిలుపవచ్చును. పాస్‌వర్డును డైరెక్టరీలో సరిచూచి, హోదాను డేటాబేస్ నుండి గ్రహించే ఏర్పాటు కూడా సాధ్యమే. రేపు విద్యార్థుల వివరాలు కూడా డైరెక్టరీకి మారినచో ఒక రెల్మ్ మారుతుంది. ఫలితాల ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారనక్కరలేదు.

టామ్‌క్యాట్ సర్వర్‌లో ఇటువంటిదే చిన్న ఉదాహరణ ఒకటి ఉన్నది. అందులోని లాకౌట్ రెల్మ్ స్వయంగా ఎవరినీ గుర్తించదు. మరొక రెల్మ్ చుట్టూ కవచంలా నిలిచి, ఒకే పేరుతో వరుసగా 5 ప్రయత్నాలు విఫలమైతే ఆ పేరును 300 సెకన్ల పాటు నిలిపివేస్తుంది. ఈ అంకెలను నిర్వాహకులు మార్చుకొనవచ్చును. లోపల ఉన్నది డేటాబేసా, డైరెక్టరీయా అన్న ప్రశ్నతో దానికి నిమిత్తం లేదు. ఒక్కసారి వ్రాసిన రక్షణ అన్నిటికీ ఉపకరిస్తుంది.

మార్పు అనివార్యం

భద్రతలో స్థిరమైనది తక్కువ. సందేశం చెక్కుచెదరలేదని నిరూపించే షా-1 అనే పద్ధతిని దశాబ్దాల పాటు వాడినారు. వేర్వేరు పత్రాలకు ఒకే ముద్ర వచ్చేటట్లు చేయవచ్చునని 2017 ఫిబ్రవరిలో పరిశోధకులు నిరూపించినారు. సందేశ గోప్యతకు వాడిన టిఎల్‌ఎస్ 1.0, 1.1 పద్ధతులను 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ అధికారికంగా విరమింపజేసింది. క్వాంటమ్ కంప్యూటర్ల దాడిని తట్టుకొనగల కొత్త పద్ధతులకు 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ మొదటి మూడు ప్రమాణాలు ప్రకటించింది. ఇట్టి మార్పు వచ్చిన ప్రతిసారీ, ఆ పనికి విడి అంగం ఉన్న సంస్థ అమరికను మార్చుకొని ముందుకు సాగుతుంది. నిబంధనలు ప్రోగ్రాములలో చెదరి ఉన్న సంస్థ మొదట అవి ఎక్కడెక్కడ ఉన్నవో వెదకుకొనవలసి వస్తుంది.

విభజనతో వచ్చే జాగ్రత్తలు

అంగాలుగా విభజించినంత మాత్రాన భద్రత సిద్ధించదు. అంగాలు కలిసే కీళ్ళ వద్ద కొత్త ప్రమాదాలు పుట్టవచ్చును. ఒక వరుసలో పాస్‌వర్డు పరీక్షకు "చాలును" అనే గుర్తును, దాని తరువాత సెల్‌ఫోను అంకె పరీక్షకు "అవశ్యం" అనే గుర్తును ఉంచినారనుకొందాము. చూడడానికి రెండు కాపలాలు ఉన్నట్లే ఉంటుంది. కాని పాస్‌వర్డు తెలిసినవానికి మొదటి మెట్టు వద్దనే ప్రవేశం లభిస్తుంది. రెండవ పరీక్ష అతనికి ఎదురే కాదు. రెండు మాడ్యూళ్ళలోనూ దోషం లేదు. దోషమంతా కూర్పులోనే ఉన్నది. అందువలన ఒక్కొక్క అంగాన్ని పరీక్షించడంతో తృప్తిపడక, కూర్చిన తరువాత మొత్తాన్ని కూడా పరీక్షించవలెను. ముఖ్యంగా, రాదగినవారు రాగలుగుతున్నారా అని చూడడంతో పాటు, రాకూడనివారు ఆగుతున్నారా అని చూడడం అత్యవసరం.

ఈ విషయంలో 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ వ్రాసిన వ్యాసంలోని సూత్రాలు నేటికీ ప్రామాణికమైనవి. యంత్రాంగం సరళంగా ఉండవలెను. స్పష్టంగా అనుమతి లేని చోట నిరాకరణే నియమం కావలెను. ప్రతి ప్రవేశాన్నీ తనిఖీ చేయవలెను. ఎవరికైనా పనికి కావలసినంత అధికారమే ఇవ్వవలెను. జేబాస్ లోపాన్ని ఈ సూత్రాల వెలుగులో చూచినప్పుడు, అనుమతి లేని చోట నిరాకరించవలెనన్న నియమం అక్కడ తలక్రిందులైనట్లు తెలుస్తుంది. 2013లో వెలువడిన జావా ఇఇ 7 ప్రమాణంలో, పేర్కొనని అభ్యర్థనలన్నిటినీ నిరాకరించుమని ఒక్క మాటతో ఆదేశించే వీలు కల్పించినారు. పెద్ద వ్యవస్థలు కూడా పాత సూత్రానికి తిరిగి రాక తప్పలేదు.

భారతదేశంలో ప్రసక్తి

మన దేశంలో ఈ విషయానికి రెండు విధాల ప్రాముఖ్యం ఉన్నది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ల నమోదు పత్రాలను 180 రోజులు నిలువ ఉంచవలెను. ఆదేశాలలో పేర్కొన్న సంఘటనలను గమనించిన 6 గంటలలోగా తెలియజేయవలెను. చర్యల నమోదు ఒక ప్రత్యేక అంగంగా ఉన్న చోట ఈ ఆదేశాన్ని పాటించడం సులభం. పది ప్రోగ్రాములు పది విధాలుగా నమోదు చేసే చోట 6 గంటలు వెదకుటకే చాలవు.

రెండవది గ్రంథాలయాలకు సంబంధించినది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఇన్‌ఫెడ్ అనే సమాఖ్యను నిర్వహిస్తున్నది. ఇందులో విద్యార్థి ఎవరో అతని సొంత విద్యాసంస్థ నిర్ధారిస్తుంది. పత్రికలను అందించే ప్రచురణకర్త ఆ నిర్ధారణను స్వీకరించి పుటలు తెరుస్తాడు. విద్యార్థి పాస్‌వర్డు ప్రచురణకర్త చేతికి పోదు. గుర్తింపు నిర్ధారణ సర్వర్‌లోని ఒక అంగంగా ఉండే దశ దాటి, సంస్థల నడుమ ఒప్పందంగా మారడానికి ఇది నిదర్శనం. నిర్ధారించే పని ఒకరిది, తలుపు తెరచే పని మరొకరిది. రెండింటినీ కలిపే ఒప్పందం స్పష్టంగా వ్రాసి ఉన్నది గనుకనే అది సాధ్యమైంది.

సాంకేతిక భాషలో కనిపించే ఈ విషయం సారాంశంలో పరిపాలనకు సంబంధించినదే. నిబంధన ఒక చోట వ్రాసి ఉండవలెను. దానికి ఒక పేరు, ఒక బాధ్యుడు ఉండవలెను. దానిని చదివి తప్పు పట్టగలిగే వీలు ఉండవలెను. కళాశాలకు గాని గ్రంథాలయానికి గాని కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకొనేటప్పుడు దాని హంగులను గురించి విచారించడంతో పాటు మరి మూడు ప్రశ్నలు వేయడం మంచిది. ప్రవేశ నిబంధనలు ఎక్కడ వ్రాసి ఉన్నవి? ఒక నిబంధనను మార్చవలసివస్తే ఎన్ని చోట్ల మార్చవలెను? పేర్కొనని సందర్భంలో తలుపు మూసి ఉంటుందా, తెరచి ఉంటుందా? వీటికి సూటిగా సమాధానం వచ్చిన చోట విద్యార్థి మార్కులు, గ్రంథాలయపు ఖాతాలు కొంత నిశ్చింతగా ఉండగలవు.